గుడ్డు వెనక కోడి

గుడ్ల ఉత్పత్తిలో దేశంలో మొదటి స్థానం ఆంధ్రప్రదేశ్‌ది. 2023-24లో దేశమంతటా సుమారు 14,277 కోట్ల గుడ్లు వస్తే, అందులో దాదాపు 18 శాతం ఆంధ్రప్రదేశ్‌వి, 13 శాతం తెలంగాణవి. అంటే దేశంలో ప్రతి పది గుడ్లలో మూడు మన తెలుగు నేల మీద పెట్టినవే. అనపర్తి, తణుకు, పెద్దాపురం చుట్టుపక్కల రోడ్డు మీద వెళ్తుంటే పొలాల మధ్య పొడుగాటి షెడ్లు వరసగా కనిపిస్తాయి. హైదరాబాదు చుట్టూ షాద్‌నగర్, శామీర్‌పేట వైపూ అంతే. గాలి ఇటు మళ్లితే ఘాటైన వాసన వస్తుంది. బస్సు కిటికీ మూసుకుంటాం, ఊరు దాటాక తెరుస్తాం.

దగ్గర్లో పండిందే తినాలన్న మాట ఈ మధ్య చాలామంది నోట వినిపిస్తోంది. మంచి మాటే. మన చుట్టుపక్కల రైతు చేతికి నాలుగు రూపాయలు వస్తాయి, సరుకు తాజాగా ఉంటుంది, లారీల డీజిలూ గోదాముల కరెంటూ మిగులుతాయి. అయితే గుడ్డు దగ్గరికి వచ్చేసరికి ఈ సూత్రం ఒక్కటే సరిపోదు. మన పళ్లెంలోని గుడ్డు ముప్పై నలభై కిలోమీటర్ల అవతలి నుంచి వచ్చిందే కావచ్చు. దాన్ని పెట్టిన కోడి ఎలా బతుకుతోందో మనలో నూటికి తొంభైమందికి తెలియదు. ఊరి పక్కనే ఉన్నా మన చూపుకి అందని చోటు అది. మంచి తిండి అంటే ఎంత దగ్గర్లో పుట్టింది అన్నదానితో పాటు, అది పుట్టిన చోటుని మనం నిబ్బరంగా చూడగలమా అన్నది కూడా అడగాలని నాకు అనిపిస్తుంది.

తెలిసినవారి వెంట ఒకసారి లేయర్ ఫారం, అంటే గుడ్ల కోళ్ల ఫారం, లోపలికి వెళ్లాను. ముందుగా చెవిని తాకింది రొద. వేల గొంతులు కలిసిపోయిన ఒకే హోరు. రెండు వైపులా అంతస్తులుగా కేజీలు, అంటే ఇనుప తీగల బోనులు, ఒక్కో గదిలో మూడో నాలుగో కోళ్లు. ఒక్కో కోడికి దక్కే చోటు ఆఫీసుల్లో వాడే ఏ4 కాగితం కంటే తక్కువ. రెక్క పూర్తిగా చాపే వీలు లేదు. కాళ్ల కింద మట్టి లేదు, తీగ ఉంది. ఆ తీగ కొంచెం ముందుకి వాలి ఉంటుంది. గుడ్డు పెట్టగానే అది దొర్లుకుంటూ వచ్చి తొట్టి ముందు ఆగుతుంది. మేత ముందు నుంచి, నీళ్లు పైనున్న గొట్టం నుంచి, రెట్ట కిందికి. చీకటి పడ్డాక కూడా కొన్ని గంటలు దీపాలు వెలుగుతాయి, పగలు ఎంత పొడుగుంటే కోడి అంత బాగా పెడుతుంది కాబట్టి.

నా ఎదురుగా ఉన్న కోడికి మెడ మీద ఈకలు రాలిపోయి ఎర్రటి చర్మం బయటపడి ఉంది. తీగల సందులోంచి తల బయటపెట్టి మేత తిని తిని అక్కడ ఈక నిలవదట. దాని ముక్కు కొస మొండిగా ఉంది. ఇరుకులో కోళ్లు ఒకదాన్నొకటి పొడుచుకుంటాయని పిల్లగా ఉన్నప్పుడే వేడి బ్లేడుతో ముక్కు కోస్తారు. ఇరుకు తగ్గించాలంటే బోలెడు డబ్బు కావాలి, ముక్కు కోయడానికి క్షణం చాలు. నాలుగైదు నెలల వయసులో కేజీలోకి వచ్చిన కోడి ఏడాదిన్నర, మహా అయితే రెండేళ్లు నిండేసరికి గుడ్లు తగ్గి మాంసం దుకాణానికి పోతుంది. ఆ బయటికి వెళ్లే రోజునే అది మొదటిసారి ఆకాశాన్ని చూస్తుంది. లేయర్ జాతిలో పుట్టిన పుంజు పిల్లలకు ఆ మాత్రం బతుకూ లేదు. అవి గుడ్లు పెట్టవు, మాంసానికి తొందరగా ఎదగవు. హేచరీలో పుట్టిన రోజే వాటిని వేరు చేసి చంపేస్తారు.

ఫారం చూసుకునే ఆయన కటువైన మనిషి కాదు. ఎండాకాలంలో షెడ్డు పైన నీళ్లు చల్లించడానికి తానెంత తాపత్రయపడతాడో చెప్పాడు. కోళ్లు ఇంకొంచెం విశాలంగా ఉంటే బాగుండును కదా అన్నాను. "ఏం చెయ్యమంటారండి, మొక్కజొన్న ధర చూస్తున్నారుగా. గుడ్డుకి పావలా మిగిల్తే అదే గొప్పండి" అన్నాడు. ఆయన మాటలో అబద్ధం లేదు. గుడ్డు ధర రోజూ పొద్దున్నే నిర్ణయమైపోతుంది. మేత ధర మార్కెట్ నిర్ణయిస్తుంది. ఆ రెండింటి నడుమ రైతు చేతిలో మిగిలింది కోడికి ఇచ్చే చోటు ఒక్కటే. అందుకే ఏది తగ్గించాలన్నా మొదట తగ్గేది అదే. మాంసానికి పెంచే బ్రాయిలర్ కోళ్ల సంగతీ ఇంతే. పిల్లలూ దాణా మందులూ కంపెనీవి, షెడ్డూ శ్రమా రైతువి. నలభై రోజులకు రెండు కిలోలు తూగేలా పెంచి అప్పగిస్తే కిలోకి ఇంత అని కూలి వస్తుంది. ఈ పద్ధతిలో పాపం ఎవరిదని వెతుకుతూ పోతే, చౌకగా కావాలన్న మన దగ్గరికే దారి తిరిగి వస్తుంది.

చౌక గుడ్డు చేసిన మేలుని కూడా చెప్పుకోవాలి. 1971లో వెంకటేశ్వర హేచరీస్ స్థాపించిన డాక్టర్ బి.వి. రావు చొరవతోనే 1982లో జాతీయ గుడ్ల సమన్వయ సంఘం, అంటే నెక్, ఏర్పడింది. అంతకుముందు దళారులు చెప్పిందే ధర. రైతులంతా కలిసి తమ ధర తాము చెప్పుకోవడం అప్పుడు మొదలైంది. ఒకప్పుడు జబ్బు చేసినవాళ్లకో బాలింతలకో మాత్రమే దొరికిన గుడ్డు కూలివాళ్ల ఇంటికి వచ్చింది. తెలంగాణలో 2015 నుంచి ఆరోగ్య లక్ష్మి పథకం కింద గర్భిణులకూ బాలింతలకూ అంగన్‌వాడీలో అన్నంతో పాటు రోజూ ఒక గుడ్డు పెడుతున్నారు. ఆంధ్రప్రదేశ్‌లో డొక్కా సీతమ్మ పేరున నడుస్తున్న బడి భోజనంలోనూ గుడ్డు ఉంది. ఆకలిగొన్నవాళ్లకు కులం అడగకుండా అన్నం పెట్టిన ఆ తల్లి పేరు దానికి తగినదే. ఆ పళ్లెంలోని గుడ్డుని వేలెత్తి చూపే హక్కు నాకు లేదు. అది తినేవాళ్లకు దానికి బదులు ఇంకేదీ లేదు.

మనిషికి ఏడాదికి 180 గుడ్లు కావాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతుంది. 2023-24లో దేశంలో తలసరి లభ్యత 103. ఈ సగటు వెనక రెండు లోకాలు దాగి ఉన్నాయి. ఒక ఇంట్లో పొద్దున ఆమ్లెట్, మధ్యాహ్నం చికెన్ బిర్యానీ, సాయంత్రం చికెన్ పకోడీ. మరో ఇంట్లో బడిలో పెట్టిన గుడ్డే వారం మొత్తానికి మాంసకృత్తులు. నేను మాట్లాడుతున్నది మొదటి ఇంటివాళ్లతో. ఎంచుకోగల స్తోమత ఉన్నవాళ్లే ముందు మారాలి. లేనివాళ్లకు నీతులు చెప్పి ఉన్నవాళ్లు తింటూ కూర్చోవడం అన్యాయం.

కోడికి దక్కే చోటు విషయంలో మన చట్టం మౌనంగా లేదు. 1960 నాటి జంతు హింస నివారణ చట్టం, జంతువు కదలడానికి తగినంత పొడవూ వెడల్పూ ఎత్తూ లేని బోనులో దాన్ని ఉంచడం నేరమంటుంది. 2017 జులైలో లా కమిషన్ తన 269వ నివేదికలో గుడ్ల కోళ్ల, మాంసం కోళ్ల పెంపకానికి నియమాలు ఉండాలని ప్రత్యేకంగా సిఫార్సు చేసింది. ఐరోపా సమాఖ్య 2012 జనవరి 1 నుంచి ఉత్త తీగల కేజీలను నిషేధించింది. ఇంగ్లండులో రూత్ హారిసన్ అనే ఆమె 1964లో ఫ్యాక్టరీ పశుపెంపకం మీద పుస్తకం రాసి ఈ ప్రశ్న లేవదీస్తే, నిషేధం దాకా రావడానికి నలభై ఎనిమిదేళ్లు పట్టింది. చట్టం మారడానికి చాలా కాలం కావాలి. మన వంటింట్లో మార్పుకి అంత కాలం అక్కర్లేదు.

2025 ఫిబ్రవరిలో ఉభయ గోదావరి జిల్లాల్లో బర్డ్ ఫ్లూ బయటపడినప్పుడు జనం చికెన్ వైపు చూడలేదు. దుకాణాలు వెలవెలబోయాయి. కొన్ని వారాలకు భయం తగ్గింది, వరసలు మళ్లీ మామూలే. ఆ రోజుల్లో అందరూ అడిగింది ఒకే ప్రశ్న: తింటే మనకేమైనా అవుతుందా? వేలాది పక్షుల్ని ఒకే కప్పు కింద కిక్కిరిసి ఉంచితే ఏ రోగమైనా దావానలంలా పాకుతుందన్న సంగతి వైపు మాట వెళ్లలేదు. కోళ్లు త్వరగా పెరగడానికి మేతలో కలిపే యాంటీబయాటిక్‌ల కథా అలాంటిదే. మనుషులకు ఇంకే మందూ పనిచేయనప్పుడు ఆఖరి దిక్కుగా వాడే కొలిస్టిన్‌ని కూడా కోళ్లకు వేస్తుంటే, 2019 జులైలో కేంద్రం దాన్ని ఆహార జంతువులకు వాడరాదని నిషేధించాల్సి వచ్చింది. కోడి బతుకూ మన ఆరోగ్యమూ వేరువేరు విషయాలు కావని ఈ రెండు ఉదంతాలూ చెబుతున్నాయి.

నేల మీద తిరిగే పెట్టను ఒక పూట కూర్చుని చూస్తే, కేజీ ఏమేం లాగేసుకుందో ఒక్కొక్కటే తెలుస్తుంది. తెల్లవారుతూనే గంప ఎత్తగానే బయటికి ఉరికి, రెండు కాళ్లతో చెత్తను వెనక్కి చిమ్మి, ఒక అడుగు వెనక్కి వేసి, తల వంచి చూస్తుంది. పురుగు దొరికితే ఒక తీరు కూత, గద్ద నీడ పడితే మరో తీరు కూత. ఎండ ఎక్కాక పొడి మట్టిలో గుంట చేసుకుని, ఒక పక్కకి ఒరిగి, రెక్కలతో దుమ్ము పైకి ఎగజిమ్ముకుంటూ కళ్లు మూసుకుని పొర్లుతుంది. ఆ దుమ్ముతోనే ఒంటి మీద పేలు పోతాయి. గుడ్డు పెట్టే వేళకి దాని నడకే మారిపోతుంది. అటకా గడ్డివామూ మంచం కిందా ఒక్కో మూలా వెతుకుతుంది, కూర్చుని లేస్తుంది, నచ్చక మరో చోటికి పోతుంది. చివరికి ఒక చాటు దొరికాక గడ్డిపరకలు ముక్కుతో ఒంటి చుట్టూ సర్దుకుని స్థిమితంగా కూర్చుంటుంది. పెట్టి లేచాక ఊరంతా వినేలా అరుస్తుంది. కేజీలో ఉన్న కోడికీ ఆ వేళ ఆ వెతుకులాట పుడుతుంది. వెతకడానికి చోటు ఉండదు, అంతే తేడా.

ఇదంతా మనకు తెలియని విద్య కూడా కాదు. గోదావరి, కృష్ణా జిల్లాల్లో పందెం పుంజుని సాకేవాడిని అడగండి. డేగ, కాకి, నెమలి, సేతువ అని ఈక రంగుని బట్టి దాని పేరు చెబుతాడు. ఏ పూట ఎంత నడిపించాలో, ఎప్పుడు ఈత కొట్టించాలో, ఎన్ని బాదంపప్పులు పెట్టాలో చెబుతాడు. దాని కంట్లో జీవం తగ్గితే ఆయనకు నిద్ర పట్టదు. సంక్రాంతి బరిలో దాని కాలికి కత్తి కట్టడం చట్టానికీ మనసుకీ విరుద్ధమే. కానీ ఒక పక్షిని ఇంత దగ్గరగా చూసే కన్ను మన జిల్లాల్లోనే ఉందన్నది కూడా నిజం. ఆ చూపులో నాలుగో వంతైనా ఊరి చివరి షెడ్డులో ఉన్న పెట్ట మీద పడితే మన తిండి తీరు ఇలా ఉండేది కాదు.

ఇక చేయగలిగింది ఏమిటి? మొదటిది, పెరటి కోళ్లు పెంచేవాళ్లను వెతుక్కోవడం. అసలైన నాటుకోడి ఏడాదికి వంద గుడ్లు కూడా పెట్టదు. పది పదిహేను పెట్టి పొదుగుకి కూర్చుంటుంది. అందుకే ఆ గుడ్డుకి ఎక్కువ ధర. అయితే మధ్యేమార్గమూ ఉంది. హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంచాలనాలయం వనరాజా, గ్రామప్రియ అనే రకాలను పెరటి పెంపకానికే తయారుచేసింది. తెలంగాణ పశువైద్య విశ్వవిద్యాలయం రాజశ్రీని ఇచ్చింది. ఇవి నేల మీద తిరిగి, వంటింటి మిగులూ పురుగూ పుట్రా తిని, నాటుకోడికంటే ఎక్కువ పెడతాయి. కొక్కెర తెగులు టీకా వేళకు వేయించి, రాత్రిపూట ముంగిసలూ కుక్కలూ చొరబడని గూడు కట్టుకుంటే పది కోళ్లతో ఒక ఇల్లాలికి నిలకడైన రాబడి ఉంటుంది. ఆ డబ్బు ఆమె చేతిలోనే ఉంటుంది.

మా వీధికి గుడ్లు తెచ్చే ముసలావిడ అప్పుడప్పుడు ఉత్త చేతులతో వస్తుంది. "ఈ వారం లేవు బాబూ, రెండు పెట్టలూ పొదుగుకొచ్చాయి" అంటుంది. మొదట్లో అది ఇబ్బందిగా ఉండేది. ఇప్పుడు ఆ మాట వింటే నాకు నిశ్చింతగా ఉంటుంది. మామిడికి ఉన్నట్టే గుడ్డుకీ ఒక వేళ ఉందనీ, ఆ వేళలో కోడి తన పని తాను చేసుకుంటోందనీ దానికి అర్థం. మన అవసరం ప్రకృతికి గడియారం కాకూడదు. లేని రోజు లేకుండా గడపడం తెలిసినవాడికే ఉన్న రోజు రుచి తెలుస్తుంది.

రెండోది, తగ్గించడం. గుడ్డులో ఉండేది ఆరు గ్రాముల మాంసకృత్తులు. గుప్పెడు వేయించిన వేరుశనగ గుళ్లలోనూ ఇంచుమించు అంతే ఉంటాయి, గరిటెడు కందిపప్పులోనూ అంతే. పప్పూ అన్నం కలిస్తే ఒకదాని లోటు మరొకటి పూరిస్తుందని మన పూర్వీకులు లెక్కలు వేయకుండానే తెలుసుకున్నారు. ఎదిగే పిల్లలకూ గర్భిణులకూ గుడ్డు ముందు దక్కాలి. నడివయసులో కుర్చీలో కూర్చుని పనిచేసే మనకు రోజుకి రెండు అక్కర్లేదు. ఇదివరకు పది ఫారం గుడ్లు కొన్న డబ్బుతో ఐదు పెరటి గుడ్లు కొంటే ఇంటి ఖర్చు పెరగదు, పెంచినామెకు గిట్టుబాటు అవుతుంది.

మూడోది, అడగడం. బజారులో గోధుమ రంగు గుడ్డుని నాటు గుడ్డు అని అమ్ముతారు. పెంకు రంగు కోడి జాతిని బట్టి వస్తుంది, అది బతికిన తీరుని బట్టి కాదు. కేజీలోని కోడీ గోధుమ రంగు గుడ్డు పెట్టగలదు. అట్ట పెట్టె మీద పచ్చిక బయలు బొమ్మ ఉన్నంత మాత్రాన లోపల పచ్చిక ఉండదు. ఎక్కడివి, కోళ్లు బయట తిరుగుతాయా, ఒకసారి వచ్చి చూడవచ్చా అని అడగాలి. రమ్మన్నవాడి దగ్గర కొనాలి. తడబడినవాడిని వదిలేయాలి. ఇంతకు మించిన ముద్ర ఏ పొట్లం మీదా దొరకదు.

ఇలా అడిగేవాళ్లూ అందుకు తగ్గట్టు పండించేవాళ్లూ మన దగ్గర ఇప్పటికే ఉన్నారు. జహీరాబాద్ పక్క పస్తాపూర్‌లో 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ సంఘాల మహిళలు జొన్న, కొర్ర, సామ, కంది, అనుములు కలిపి చెలకల్లో పండించి, విత్తనం తామే దాచుకుని, తమ ఊరి పేదలకు తామే ధాన్యం పంచే ఏర్పాటు చేసుకున్నారు. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమతి వాళ్లకు దక్కింది. జనగామ జిల్లా ఏనబావి ఊరు ఊరంతా రసాయనాలు మానేసి ఇరవై ఏళ్లవుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2016 నుంచి రైతు సాధికార సంస్థ నడిపిస్తున్న ప్రకృతి వ్యవసాయానికి 2024లో గుల్బెంకియన్ బహుమతి వచ్చింది. ఆ పొలాల్లో చాలాచోట్ల పంటతో పాటు ఆవూ కోడీ కూడా ఉంటాయి. కోడి పురుగుల్ని ఏరుకుంటుంది, దాని రెట్ట మట్టికి బలమవుతుంది. ఫారంలో కుప్పపడి ఈగలకు నెలవై ఊరిని వేధించే రెట్టే పొలంలో ఎరువు. జీవిని దాని చోట ఉంచితే వ్యర్థమన్నది చాలావరకు పుట్టదు.

ఇంత చెప్పినా, మనం తినేదంతా మచ్చ లేకుండా ఉండాలని పట్టుబడితే ఎవరమూ ఒక్క పూట కూడా గడపలేం. బంధువుల ఇంటికి వెళ్తే పెట్టింది తింటాం. ప్రయాణంలో దొరికింది తింటాం. పెట్టినవాళ్ల మనసు కష్టపెట్టడం కూడా హింసే. నియమం మన ఇంట్లో, మన డబ్బుతో కొనే సరుకుకి వర్తించనివ్వండి. మాంసం పూర్తిగా మానగలవారు మానండి, వాళ్లంటే నాకు గౌరవం. మానలేనివారు, ఏ జీవి మీద బతుకుతున్నామో దాని బతుకు ఎలా ఉందో తెలుసుకునైనా తినండి. తెలుసుకున్నాక కొంత తగ్గుతుంది, కొంత మారుతుంది. ఆ మాత్రం చాలు మొదలుకి.

ఈ వారం గుడ్లు కొనేటప్పుడు ఇవి ఎక్కడివని దుకాణంలో ఒక్కసారి అడగండి. మీ వీధిలోనో పక్క ఊరిలోనో కోళ్లు పెంచే ఇల్లు ఉంటే పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్లండి. ఆ ఇంటివాళ్లు చెప్పిన ధర బేరం ఆడకుండా ఇవ్వండి. ఇంట్లో గుడ్లు సగానికి తగ్గించి, ఆ సగం పెరటివి తెచ్చుకోండి. అంగన్‌వాడీ పిల్లల పళ్లెంలో గుడ్డుకి ఎసరు పెట్టే మాట ఎవరు అన్నా ఒప్పుకోకండి, ఆ గుడ్డు కూడా మంచి చోటు నుంచి రావాలని మీ పంచాయతీని అడగండి. మన రెండు రాష్ట్రాలు దేశానికి ఎక్కువ గుడ్లు పెడుతున్నాయి కాబట్టి, కోడికి కాస్త నేల ఇవ్వడంలోనూ మొదటి అడుగు మనమే వేయాలి.